హరాజుల దొరికిన రంగు

మా బాపు పిసినారి. ఈ మాట ఆయన బతికున్నప్పుడు మొఖం మీదనే అన్న, ఇప్పుడు లేడని మార్చి చెప్పేది లేదు. అంగీ చేతులు చినిగితే కత్తిరించి బనీను చేసుకునే మనిషి. దీపంల నూనె అయిపోతే "చీకట్ల మాట్లాడితే నోరేమన్న కాలుతదా" అనేటోడు. గసొంటి మనిషి నిజాం జమానల, ఇబ్రహీంపట్నంల, ఎడ్లబండ్లు తప్ప ఇంకోటి తిరగని మా గల్లీకి మోటరు కొనుక్కొచ్చిండంటే జనం నమ్మలే. అవ్, కొన్నడు. మా అక్క కోసం కొన్నడు.

ఇంట్ల మేమిద్దరమే ఆడపిల్లలం. అక్క లగ్గమై తుక్కుగూడ అవతల ఒక ఊరికి పోయింది. తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది, అందరు వచ్చినట్టే. నొప్పులు ఎంతకూ తెగలే. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది, సిటీ దవాఖానకు కొండవొమ్మన్నది. ఎడ్లబండిల బొంత పరిచి అక్కను పండవెట్టినం. తల అమ్మ ఒళ్ళె, కాళ్ళు నా ఒళ్ళె. ఎడ్లను ఎంత కొడితే మాత్రం ఎంత ఉరుకుతయ్? బండి గుంతల పడ్డప్పుడల్ల అక్క కేకేసేది. పోంగ పోంగ ఆ కేకలు గూడ బందయినయ్. దవాఖాన ఇంకా దూరముండంగనే బిడ్డ పోయింది. అక్క ఎట్లనో దక్కింది.

ఆ తర్వాత అక్క అత్తగారోళ్ళు ఖరాఖండిగ చెప్పిన్రు: మీ ఇల్లు మా కోడలికి అచ్చిరాలే, ఇంకోసారి కానుపుకు పంపేది లేదు. రెండిండ్ల నడుమ మాటలు తగ్గిపోయినయ్. అక్క మల్ల నీళ్ళోసుకున్నదని సంతకు వచ్చినోళ్ళ నోట తెలిసింది మాకు. ఆ దినం అమ్మ అన్నం ముట్టలే. తెల్లారి గూడ ముట్టలే. "నా బిడ్డను ఇంకోసారి ఎడ్లబండి ఎక్కనియ్య. నువ్వేం జేస్తవో నాకు తెల్వదు" అన్నది బాపుతోని. బాపు బతిమిలాడిండు, తిట్టిండు, ఆఖరికి రుమాలు చుట్టుకోని మామను ఎంటేసుకోని సిటీకి పోయిండు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, సిటీల లారీలు నడిపి వచ్చినోడు. ఒక పాత నవాబుల దేవిడీ బంగ్లల మూలకు పడున్న నల్ల మోటరును ఇద్దరు కలిసి పట్టుకొచ్చిన్రు.

బాపు అదే మోటరుల వియ్యపోళ్ళ ఇంటికి పోయి ఒప్పందం చేసుకున్నడు: కానుపు దాంక బిడ్డను మీ ఇంట్లనే ఉండనియ్యిన్రి, గని నొప్పులు మొదలుగాంగనే మాకు కబురు పంపాలె, మోటరొచ్చి సీదా దవాఖానకు తీస్కపోతది. వాళ్ళు సరే అన్నరు. ఆ దినాలల్ల పెట్రోలు దొరుకుడే గగనం. మామ ఎట్లెట్లనో సంపాయించిన ఒక డబ్బను వెనుక కొట్టంల దాచిపెట్టిండు, అక్క కానుపుకు తప్ప ఎవ్వరు ముట్టొద్దని. మా అక్క పానం ఇగ ఆ మోటరు మీదనే ఉన్నది.

మోటరు అందం గూడ చెప్పాలె. నలుపు పొక్కులు పొక్కులుగ లేచి, గోరుతోని గోకితే పెచ్చులూడొచ్చేది. తలుపు గట్టిగ మూస్తే తుప్పు పొడి రాలేది. ఒప్పందానికి పోయిన నాడు వియ్యపాయన దాని సుట్టు తిరిగి చూసి, "ఏం బావా, గజ్జి పట్టిన బర్రెను తోలుకొచ్చినవేంది" అన్నడు. అక్కడున్నోళ్ళు పడీ పడీ నవ్విన్రు. నేను గూడ ఉంటి గదా, చూసిన. అక్క ఒక్కతే నవ్వలే, దర్వాజ పట్టుకోని మోటరునే చూస్తున్నది. బాపు మొఖం మాడిపోయింది. ఇంటికొచ్చినంక మామతోని, "బామ్మర్ది, దీనికి రంగెయ్యాలె" అన్నడు.

రంగెయ్యాలె, గని పైస పోవద్దు. గదీ మా బాపు. సిటీల మోటర్లకు రంగు కొట్టే కార్ఖానకు పోయిన్రు. అక్కడి మేస్త్రి పాత రంగంత గీకాలె, లప్పం పెట్టి సొట్టలు పూడ్చాలె, గాలి పంపుతోని పొర మీద పొర కొట్టాలె అని చెప్పి ధర చెప్పిండట. బాపు ఇని, "రంగుకే గంతనా? మోటరు నీకే ఇడిశిపోత, ఆ పైసలు నాకియ్యి" అని లేసి వచ్చేసిండు. మామ నెత్తి కొట్టుకుంట చెప్పిండు మాకు.

మా ఊళ్ళె ఎడ్లబండ్లు చేసే వడ్లాయన ఉండె. చక్రాలకు, దర్వాజలకు రంగేసేటోడు. "నేనేస్త పటేలా, కట్టెకేసేటోనికి ఇనుముకు ఎయ్యరాదా" అన్నడు. మనిషి అగ్గువకు దొరికిండు, ఇగ రంగు అగ్గువకు దొరకాలె. అమ్మ కుంకుమ రంగు ఎయ్యమన్నది, పురిటికి పోయే బండి శుభంగుండాలని. దుకాండ్లల్ల మంచి రంగు లేదు, ఉన్నది కొనేటట్టు లేదు. పెద్ద లడాయి ముగిసి ఏండ్లయినా సామాన్ల కరువు తీరలే.

గప్పుడు మామ సికింద్రాబాదుల హరాజుకు పోయిండు. లడాయి అయినంక మిల్ట్రీ వాళ్ళకు అక్కరకు రానియన్ని కుప్పలు పోసి పాట పెట్టి అమ్మేటోళ్ళు. గుడారాలు, బూట్లు, తాళ్ళు, అండ్లనే రంగు డబ్బలు. అడిగే దిక్కు లేక మస్తు అగ్గువకు ఇచ్చిన్రట. మామ తెచ్చిన డబ్బ మూత తీసి చూస్తే బురదల ఆకులు నూరి కలిపినట్టున్నది.

"పురిటికి పోయే బండికి గీ రంగేంది?" అన్నది అమ్మ.

"రంగును తింటమా? తుప్పు వట్టకుంటే సాలు" అన్నడు బాపు.

నేనూరుకుంటనా. "బాపూ, గిది ఏస్తే సర్కారోళ్ళ బండి లెక్కుంటది" అన్న.

"నిన్నెవలన్న అడిగిన్రా?" అన్నడు. గంతే. మా ఇంట్ల ఆడోళ్ళ మాటకు గదే విలువ. అమ్మ ఉపాసముంటే ఒక్కసారి పని అయింది, రంగుకు గూడ ఉపాసముంటమా?

వడ్లాయన ఇటుక ముక్కతోని గీకుడు మొదలువెట్టిండు. పైపైన గీకిండు. కండ్లకు ఆనే కాడ లప్పం పెట్టిండు, ఆనని కాడ ఇడిశిపెట్టిండు. కుంచెతోని రంగు రుద్దితే కుంచె ఎంట్రుకలు అండ్లనే అతుక్కున్నయ్. గంతల ముసురు వట్టింది. రంగు ఆరదాయె, ఈగలొచ్చి వాలి లేవలేక గిలగిల కొట్టుకునుడాయె. తడవకుంట గోనె సంచులు కప్పితే, తీసి చూసే వరకు ముందు మూత మీద గోనె నేత అచ్చువడ్డది. అమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, నవ్వో ఏడుపో నాకు తెల్వలే. "నునుపు నీకెందుకే, మోటరు మొఖం చూసి పెండ్లి చేసుకుంటవా" అని బాపు ఆమె మీదికే లేసిండు.

రంగు ఆరినంక బాపు, మామ ఇద్దరు హయత్‌నగర్ దిక్కు పనిమీద పోయిన్రు. వచ్చినంక బాపు నవ్వు ఆగలే. నాకా కాడ జవాను మోటరును దూరం నుంచే చూసి తొవ్వకు అడ్డమున్న కట్టె ఎత్తిండట, కాళ్ళు దగ్గరికి పెట్టి సలాం కొట్టిండట. "నాకు! గీ చినిగిన రుమాలుకు సలాం!" అని వచ్చినోళ్ళకు, పోయినోళ్ళకు చెప్పుడే. ఊరోళ్ళు గూడ "పటేలుది మిల్ట్రీ మోటరు" అని మురిసిన్రు.

ఆ యేడు ఊర్లు బాగలేకుండె. లారీలేసుకోని తుపాకులోళ్ళు ఊర్ల మీద పడుడు, దొరికినోళ్ళను కొట్టుడు, పట్టుకపోవుడు. మాది తహసీలు కచేరి ఉన్న ఊరు, మా దాంక గంత రాలే. చిన్న ఊర్లల్ల మాత్రం బురుజు మీద ఒక మనిషిని కూసొవెట్టేటోళ్ళు. దూరంగ మోటరు దుమ్ము లేస్తే వాడు డప్పు కొట్టాలె, డప్పు ఇనవడంగనే ఇల్లూ వాకిలి ఇడిశి జనం చేన్లల్ల దూరాలె. ఇవన్ని మేం ఇన్నం. ఇన్నం గని మా మోటరును దాంతోని కలుపుకోలే. మాకది అక్క మోటరు.

రంగు మారిన సంగతి వియ్యపోళ్ళకు చెప్పి పంపుదామని అమ్మ అననే అన్నది. బాపు ఒద్దన్నడు. "గజ్జి బర్రె అన్నడు గదా, వచ్చినంక చూసి నోరు తెరవాలె."

జొన్నచేన్లు మనిషెత్తు లేసిన దినాలు. పశువుల బేరానికి పోతున్న ఒకాయన మా వాకిట్ల ఆగి, "మీ బిడ్డకు పొద్దుగాల్నుంచి నొప్పులట, మోటరు పంపమన్నరు" అని చెప్పి పోయిండు. అమ్మ జారిపడి కాలు వాచి మంచంలుండె. "నువ్వు పో, దాని తల నీ ఒళ్ళె పెట్టుకో" అని నన్ను ఎక్కిచ్చింది. మామ పెట్రోలు డబ్బ తెచ్చి పోసిండు. బాపు ముందు కూసున్నడు.

మోటరు మంచిగనే ఉరికింది, అబద్ధమెందుకు. రావిర్యాల దాటినం, తుక్కుగూడ దాటినం. ఎడ్లబండిల పోయిన ఆ తొవ్వ యాదికొచ్చి, ఇంత జల్ది పోతున్నమని నా పానం నిమ్మళమైంది. తొవ్వల గడ్డిమోపు ఎత్తుకొస్తున్న ఆడోళ్ళు మమ్ముల చూసి మోపులు పారేసి పక్కకు దునికిన్రు. "మోటరు మొఖం చూడనోళ్ళు" అని మామ నవ్విండు. ఊరు దగ్గరికొస్తుంటే డప్పు ఇనవడ్డది. "ఎవలదో పెండ్లున్నట్టుంది" అన్నడు బాపు.

ఊళ్ళెకు పోతే మనిషి లేడు. పొయ్యిల మీద ఎసర్లు పొంగుతున్నయ్. ఒక ఇంటి ముందట రోట్లె కారం సగం నూరి ఉన్నది. అక్క ఇంటి తలుపులు బార్లా తెరిచున్నయ్. లోపలికి ఉరికిన. గోనె పరిచి ఉన్నది, తడిబట్టలున్నయ్, కుండల కాగవెట్టిన నీళ్ళు ఇంకా వేడిగనే ఉన్నయ్. మంచం లేదు. అక్క లేదు.

మామ వాకిట్ల నిలవడి మెల్లగ అన్నడు. "బావా, ఆ డప్పు మనకే కొట్టిన్రు."

బాపుకు పిచ్చి లేసినట్టయింది. పోయి హారను పట్టుకోని కొట్టుడు మొదలువెట్టిండు, ఇని వస్తరని. "కొట్టకు బావా, ఇంకా దూరం ఉరుకుతరు" అని మామ చెయ్యి గుంజిండు. అప్పుడు బాపు ఊరవతల నిలవడి మొత్తుకున్నడు: "మేం మనోళ్ళమే! ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినం! బిడ్డా, నేను బాపును!" చేన్లు కదలలే. మల్లొస్తే అక్క పక్కింట్ల లేవలేని ఒక ముసలామె పడుండె, ఆమెను ఉరికిచ్చుకపోయే టైము లేక ఇడిశిపోయినట్టున్నరు. ఆమె లోపల్నుంచే అన్నది: "వాళ్ళు గూడ గట్లనే పిలిచిన్రు కొడుకా. పక్కూళ్ళె మనోళ్ళమే అనుకుంట పిలిచి, పలికినోళ్ళను పట్టుకపోయిన్రు. నన్ను సంపితే సంపు, నాకు తెల్వదు వాళ్ళేడున్నరో." బాపు ఆమె కాళ్ళ కాడ కూసోని ఒట్లు పెట్టిండు. ఆమె మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

"నువ్వు పిలువు బిడ్డా, ఆడపిల్ల గొంతు ఇంటే నమ్ముతరు" అన్నడు బాపు నాతోని. నేను జొన్నచేన్లకు చొచ్చిన. "అక్కా, నేనే! అక్కా, పలుకే!" అని పిలుసుకుంట పోయిన. ఆకులు చేతులను కోస్తున్నయ్, కాళ్ళు బురదల దిగుతున్నయ్. ఎటు చూసినా జొన్న, జొన్న, జొన్న. ఎక్కడనో అక్క నొప్పులు పడుతున్నది, మోటరు రోడ్డు మీదనే ఉన్నది, దవాఖాన ఉన్నది, అన్ని ఉన్నయ్. ఒక్క మాట పలికితే సాలు. పలుకలే. కోపమొచ్చింది నాకు. తిట్టిన, ఆ ఊరును, అక్క అత్తను, బాపును, హరాజు పెట్టినోళ్ళను గూడ తిట్టిన. ఆఖరికి చేనుల కూలవడి ఏడ్సిన. ఏడుపు ఇని గూడ ఎవ్వరు రాలే.

మామకే తోచింది. "ఈ మోటరు ఈడుండంగ వాళ్ళు రారు" అని, దాన్ని తీస్కపోయి దూరంగ గుట్ట సాటుకు నిలవెట్టొచ్చిండు. అక్కడ్నుంచి నడిచి ఊరికి వచ్చే వరకు పొద్దు గూట్ల పడ్డది. మోటరు కనవడకుంట పోతే గాని మనుషులు కనవడలే. ఒక్కొక్కలు చేన్లకెళ్ళి లేసి వస్తున్నరు. నలుగురు ఆడోళ్ళు నులక మంచం మోసుకొస్తున్నరు, దాని మీద అక్క. ఎనుక అక్క అత్త చేతుల్ల బట్టల చుట్టిన మూట.

పిల్లగాడు. చేనుల పుట్టిండు, ఏడ్వలే. 

అక్క అత్త బాపును చూసి నెత్తి నోరు కొట్టుకున్నది. "నల్ల మోటరొస్తదంటివి గదయ్యా! నల్ల మోటరొస్తే డప్పు కొట్టకురా, నా కోడలి కోసమొస్తదని బురుజు మీదోనికి నేనే చెప్పిన. పొద్దుగాల్నుంచి నల్లదాని కోసమే చూస్తున్నం!" బాపుకు సమజయింది. నిలవడ్డ కాడనే బురదల కూలవడ్డడు. వియ్యపాయన పక్కకు తిరిగిండు.

ఏడ్వనీకె గూడ టైము లేదు, అక్కకు నెత్తురు ఆగుతలేదు. మంచం ఎత్తుకోని గుట్ట దిక్కు ఉరికినం. మోటరు కనవడంగనే ఆ ఆడోళ్ళ కాళ్ళు ఆగిపోయినయ్. "మాదే, మాదే" అంటున్నం, వాళ్ళు మంచం అక్కడనే దించి ఎనుకకు జరిగిన్రు. బాపు, మామ, నేను ఎత్తి అక్కను లోపల పండవెట్టినం. ఆమెకు సోయి లేదు. తల నా ఒళ్ళె పెట్టుకున్న, అమ్మ చెప్పినట్టే.

దవాఖానల డాక్టరమ్మ అక్కను బతికిచ్చింది. మస్తు జరం వచ్చింది, ఏందేందో కలవరించింది. జరం దిగినంక ఒక పొద్దు, బాపు బయటికి పోయిన యాళ్ళ, అక్క నా చెయ్యి పట్టుకున్నది.

"బాపు పోయిండా?"

"పోయిండు."

"అయితే చెప్పు. నిన్నేం చేసిన్రు?"

"ఎవలే?"

"నిన్ను పట్టుకున్నోళ్ళు." అక్క కండ్లు మూసుకున్నది. "నువ్వు పిలిచింది ఇన్న చెల్లె. మా పక్కకెళ్ళే పోయినవ్. నీ గొంతు నాకు తెల్వదా? పలుకుదామనుకున్న. అత్తమ్మ నా నోరు మూసి చెవుల చెప్పింది, దాన్ని పట్టుకోని పిలిపిస్తున్నరు, పలికినవంటే అందరం పోతమని. నువ్వు ఏడ్సుడు గూడ ఇనవడ్డది. నిన్ను కొడుతున్నరనుకున్న. కొంగు నోట్ల కుక్కుకున్న. కడుపుల ఉన్నోని కోసం నిన్ను వాళ్ళకు ఇడిశిపెట్టిన."

నన్నెవ్వలు పట్టుకోలే అక్కా, అన్న. అది మన మోటరే, రంగు మార్చినం, బాపు హరాజుల అగ్గువకు కొనిపిచ్చిండు, నేనే నా అంతల నేను పిలిచిన, ఎవ్వలు కొట్టలే, ఊకెనే ఏడ్సిన. అంత చెప్పిన. అక్క ఇనుకుంట నా చేతుల మీది గీతలను ఏలుతోని తడుముతున్నది.

"ఇవేంది మరి?"

"జొన్నాకు కోసింది."

"నేను బాధవడతనని చెప్తలేవు" అన్నది. నేను అమ్మ మీద ఒట్టేసిన. దేవుని మీద ఒట్టేసిన. మల్ల మొదటికెళ్ళి చెప్పిన, రంగు, డబ్బ, డప్పు. ఎంత చెప్తే గంత ఏడుస్తున్నది. "నన్ను మాఫ్ చెయ్ చెల్లె. పిల్లగాడు గూడ దక్కకపాయె, నిన్ను గూడ ఇడిశిపెడితి. మాఫ్ చేసిన అను ఒక్కసారి."

ఏం చెయ్యాలె? ఎవ్వలకు చెప్పుకోవాలె? బయట వరండాల బాపు రొట్టె పట్టుకోని నిలవడి ఉన్నడు, లోపలికి రాలేక. నేను అక్క కండ్లు తుడిచిన.

"మాఫ్ చేసిన అక్కా" అన్న. గప్పుడు గాని ఆమెకు నిద్ర పట్టలే.